పాత ఉక్కు పట్టణంలో ఇల్లు కొనవచ్చా? (నెల్లూరు ఫోన్-ఇన్ కార్యక్రమం)

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. ఉక్కు మిల్లులు మూతపడిన అమెరికా ఊళ్లలో మన పిల్లలు ఇళ్లు కొంటున్నారు. అక్కడ కాపురం ఎలా ఉంటుంది? పిట్స్‌బర్గ్ ప్రాంతంలో ఇరవై ఎనిమిదేళ్లు సివిల్ ఇంజనీరుగా పనిచేసి, నెల్లూరుకు తిరిగి వచ్చిన నిపుణులు మనతో ఉన్నారు. మొదటి ఫోను ఒంగోలు నుంచి.

శ్రోత (ఒంగోలు): నమస్కారం సార్. మా అల్లుడికి పిట్స్‌బర్గ్‌లో ఉద్యోగం వచ్చింది. మిల్లులు పోయిన ఊరు కదా, ఈ ఉద్యోగం పోతే ఇంకొకటి దొరుకుతుందా?

నిపుణులు: ఏ రంగమండీ?

శ్రోత: ఆసుపత్రిలో కంప్యూటర్ విభాగం.

నిపుణులు: అయితే దిగులు వద్దు. ఇప్పుడు ఆ ఊరికి అన్నం పెడుతున్నవి ఆసుపత్రులు, విశ్వవిద్యాలయాలే. ఉక్కు కంపెనీ కట్టుకున్న అరవై నాలుగు అంతస్తుల భవనం మీద ఇప్పుడు ఆసుపత్రుల సంస్థ పేరు వెలుగుతోంది. 1950లో నగర జనాభా 6,76,000 దాటింది. 2020 లెక్కల్లో 3,03,000 కూడా లేదు. అందుకే ఇళ్లు చవక. కానీ పాత ఉక్కు ఊళ్లన్నీ పిట్స్‌బర్గ్ కావు. మోనంగహీలా నది వెంట కొద్ది దూరం పోతే బ్రాడాక్ వస్తుంది. అక్కడ 1875లో మొదలైన మిల్లు నేటికీ నడుస్తోంది, ఊరు మాత్రం ఖాళీ అయింది. ఒకప్పుడు ఇరవై వేల మంది ఉన్న చోట ఇప్పుడు రెండు వేల మంది కూడా లేరు. ఊరి పేరు కాదు, ఏ వీధో చూసి నిర్ణయించుకోమనండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. కావలి నుంచి ఒక అమ్మగారు.

శ్రోత (కావలి): అయ్యా, నమస్కారం. మా వాడు అక్కడే పదేళ్లుగా ఉన్నాడు. వెంకటేశ్వరస్వామి గుడికి కారులో ఇరవై నిమిషాలట. నేను పోయినప్పుడు దర్శనం చేసుకున్నాను, చాలా బాగుంది. ఇప్పుడు ఇల్లు చూశాడు. కొండవాలు మీద ఉంది, వందేళ్ల నాటిదట. మా కోడలికి నచ్చింది. నాకు ఫోనులో వీడియో చూపించారు. పైన అంతా బాగానే ఉంది. కింద నేలమాళిగలోకి దిగితే, అయ్యా, చెప్పడానికే ఎట్లాగో ఉంది, నాలుగు గోడలు లేవు, తలుపు లేదు, మధ్యలో ఒక కమోడ్! చుట్టూ ఏమీ లేదు. ఇదేమి వాస్తు? అలాంటి ఇల్లు కొనవచ్చా?

నిపుణులు: అమ్మా, అది ఆ ఊరి పాత ఇళ్లలో మామూలే. మిల్లు పని ముగించుకుని ఒళ్లంతా మసితో వచ్చిన మనిషి వెనుక తలుపు నుంచి నేరుగా కిందికి దిగి, కడుక్కుని, ఆ తర్వాతే పైకి భోజనానికి వచ్చేవాడని అక్కడివాళ్లు చెబుతారు. మురుగు వెనక్కి తన్నితే పై గదుల్లోకి రాకుండా కిందనే పొంగుతుందని కూడా పెట్టారంటారు. దాన్ని చూసి భయపడకండి. ఆ బేస్‌మెంట్‌లో చూడాల్సినవి వేరే ఉన్నాయి. గోడలకు తెల్లని ఉప్పు పొర కట్టిందా? పగుళ్లు మెట్లు మెట్లుగా పైకి పోతున్నాయా? చెమ్మకు ముక్కిన వాసన వస్తోందా?

శ్రోత: వాసన ఫోనులో ఎట్లా తెలుస్తుందయ్యా?

నిపుణులు: మీ అబ్బాయిని దిగి చూడమనండి. వాన పడిన మర్నాడు దిగమనండి, అది ముఖ్యం. ఇంకొకటి. ఆ నేల కింద బొగ్గు తవ్విన సొరంగాలు ఉండవచ్చు. ఆ ఊరు ఉక్కు ఊరు కావడానికి కారణమే ఆ బొగ్గు. కొన్నిచోట్ల పాత గని కుంగి పైనున్న ఇల్లు పగులుతుంది. మామూలు ఇంటి బీమా ఆ నష్టం ఇవ్వదు. ఆ ఊరున్న పెన్సిల్వేనియా రాష్ట్ర ప్రభుత్వమే గని కుంగుబాటుకు విడిగా బీమా అమ్ముతుంది. చిరునామా ఇస్తే కింద గని ఉందో లేదో పటంలో చూపిస్తుంది. కొండవాలు అన్నారు, వాలు మట్టి జారితే వచ్చే నష్టం కూడా మామూలు బీమాలో రాదు. వెనుక మట్టి జారకుండా కట్టిన రిటైనింగ్ గోడ ముందుకు వాలిందేమో చూడమనండి.

శ్రోత: అంటే కొనవద్దంటారా?

నిపుణులు: వద్దని నేను అనలేదమ్మా. ధర చూసి మురిసిపోవద్దని అంటున్నాను. నేను అందరికీ చెప్పేది ఇదే, ఇంటి కింద ఏముందో అడగండి. పసిపిల్లలు ఉన్నారా?

శ్రోత: మనవరాలు. ఇంకా పాకుతోంది.

నిపుణులు: అయితే ఇది రాసుకోండి. 1978కి ముందు కట్టిన ఇల్లంటే గోడ రంగుల్లో సీసం ఉండవచ్చు. ఎక్కువగా కిటికీ చట్రాల దగ్గర పెచ్చులూడుతుంది. కిటికీ ఎత్తి దించినప్పుడల్లా సన్నటి పొడి రాలుతుంది. పాకే పిల్ల చేయి నేల మీద, ఆ చేయి నోట్లో! పరీక్ష చేయించే దాకా పాపను ఆ గదుల్లో దించవద్దు. నీటి గొట్టం సీసంతో చేసినదేమో కూడా అడగాలి. 2016లో ఆ నగరం నీటిలో సీసం పరిమితి మించింది. ఆ తర్వాత వేల గొట్టాలు మార్చారు, కానీ మీ ఇంటిది మార్చారా లేదా అన్నదే మీకు కావాలి. ఇక రేడాన్. అది నేల నుంచి వచ్చే వాయువు, రంగు లేదు, వాసన లేదు, ఊపిరితిత్తుల క్యాన్సర్ తెస్తుంది. తలుపులు మూసి కింద రెండు రోజులు చిన్న పరీక్ష డబ్బా పెడితే తెలిసిపోతుంది. ఎక్కువగా ఉంటే ఒక గొట్టం, ఒక ఫ్యాను పెట్టి బయటికి తోడేస్తారు. ఇంటికి అది బాగయ్యే జబ్బే.

శ్రోత: ఆ కమోడ్ తీసేయించవచ్చా అయ్యా?

నిపుణులు: తీసేయించవచ్చు. ముందు గని పటం చూడమనండి తల్లీ!

వ్యాఖ్యాత: ధన్యవాదాలమ్మా. కందుకూరు, చెప్పండి.

శ్రోత (కందుకూరు): సార్, మా అమ్మాయి నగరంలో ఉండాలా, శివార్లలో ఉండాలా? పన్నులు...

నిపుణులు: నగరంలో ఉంటే జీతం మీద స్థానిక పన్ను 3 శాతం. చాలా శివార్లలో 1 శాతం. రాష్ట్రం వేసే 3.07 శాతం ఎక్కడైనా ఉంటుంది. ఇంటి పన్ను శివారుకొక తీరు, లెక్క వేసి చూడమనండి.

శ్రోత: బడుల సంగతి...

వ్యాఖ్యాత: సమయం తక్కువగా ఉందండీ, మన్నించాలి. గూడూరు నుంచి ఒక పెద్దాయన.

శ్రోత (గూడూరు): అయ్యా, మా నాన్న సైదాపురం వైపు మైకా గనుల్లో చేశారు. గనులు మూతపడ్డాక ఆ గుంతల్లో నీళ్లు నిలిచాయి, జనం తలో దిక్కుకూ పోయారు. అక్కడ మిల్లులు పోయాక ఊళ్లో మిగిలినవాళ్లు ఎట్లా ఉన్నారు? గాలి అయినా బాగుపడిందా?

నిపుణులు: మంచి మాట అడిగారు. గాలి చాలా బాగుపడింది, పూర్తిగా కాదు. 1948 అక్టోబరులో డొనోరా అనే మిల్లు ఊరి మీద పొగ కదలకుండా నిలిచిపోతే ఇరవై మంది చనిపోయారు. ఆ రోజులు పోయాయి. కానీ ఆ దగ్గరి క్లెయిర్టన్ ఊళ్లో, ఉక్కు తయారీకి బొగ్గును కాల్చి కోక్ చేసే బట్టీలు ఇంకా నడుస్తున్నాయి. గాలి కదలని ఉదయాల్లో ఆ లోయలో కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ వైపు ఇల్లు తీసుకోవద్దు, ఇది గట్టిగా చెబుతున్నాను. ఇక మనుషులంటారా... మా పక్కింటి ఆయన హోమ్‌స్టెడ్ మిల్లులో చేసినవాడు. 1986లో అది మూతపడింది. ముంజేతుల నిండా నిప్పురవ్వలు కాల్చిన చిన్న చిన్న మచ్చలు, ఆవాలు చల్లినట్టు. మంచు పడిన రోజు నేను లేచేసరికి మా మెట్లు ఊడ్చి, కాలు జారకుండా ఉప్పు చల్లి ఉండేవి. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. మా వీధిలో పాత గని నోరు ఎక్కడుందో, ఏ ఇంట్లోకి నీరు వస్తుందో నాకు ఆయనే చూపించాడు. నేను ఇంజనీరునయ్యా, నాకు తెలియలేదు! పిల్లలందరూ వేరే ఊళ్లకు పోయారు. ఆయనా, ఆ టమాటా పాదులూ మిగిలారు. ఇల్లు కొనేవాళ్లు అలాంటి పెద్దవాళ్ల తలుపు తట్టాలి. పది నిమిషాలు కూర్చుంటే చాలు, అన్నీ చెబుతారు.

శ్రోత: మా దగ్గర కూడా ఏ గుంత ఎంత లోతో చెప్పగలిగినవాళ్లు ఇద్దరో ముగ్గురో మిగిలారయ్యా.

నిపుణులు: వాళ్లు చెప్పేది రాసి పెట్టుకోండి. ఆలస్యం చేయకండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. కావలి నుంచి అమ్మగారు మళ్లీ లైనులోకి వచ్చారు.

శ్రోత (కావలి): అయ్యా, ఆ బీమా పేరు మళ్లీ ఒకసారి చెప్పండి, మావాడికి సరిగ్గా చెప్పాలి.

నిపుణులు: గని కుంగుబాటు బీమా. ప్రభుత్వానిది. సంతకం పెట్టక ముందు పటం చూడాలి, సంతకం తర్వాత కాదు.

శ్రోత: రాసుకున్నాను. వాన పడిన మర్నాడు కిందికి దిగాలి, కిటికీల రంగు, నీటి గొట్టం, డబ్బా రెండు రోజులు. పక్కింటి పెద్దాయనను అడగాలి. అంతేనా అయ్యా?

నిపుణులు: అంతే తల్లీ. వెనుక గోడ మరచిపోయారు.

శ్రోత: వెనుక గోడ. రాశాను.

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. నిపుణులకు, శ్రోతలకు ధన్యవాదాలు. నమస్కారం.