ఈ సంవత్సరం కూడా ఉండనివ్వండి

శ్రోతలందరికీ నమస్కారం. నూతన సంవత్సర శుభాకాంక్షలు.

నా బల్ల సొరుగులో మూడు పాత డైరీలున్నాయి. మొన్న కొత్త డైరీకి చోటు చేస్తూ వాటిని బయటికి తీశాను. మూడింటిలోనూ జనవరి ఒకటో తారీఖు పేజీ ముచ్చటగా ఉంది. గుండ్రటి అక్షరాలు, వరస అంకెలు, ముఖ్యమైన మాటల కింద గీతలు. తెల్లవారుజామున లేవాలి. రోజూ బైబిల్లో మూడు అధ్యాయాలు చదవాలి. కోపం తగ్గించుకోవాలి. నెలాఖరుకు ఆ అక్షరాలు వంకర్లు పోయాయి. ఆదికాండం, నిర్గమకాండం అయ్యి, లేవీయకాండం దగ్గరికి వచ్చేసరికి పఠనం ఆగిపోయింది. ఫిబ్రవరిలో చాలా పేజీలు తెల్లగానే ఉన్నాయి.

అవన్నీ చూసి పెద్దగా బాధపడలేదు. మూడు డైరీల్లోనూ ఆఖరున ఉన్న తీర్మానం మాత్రం నన్ను కదలనివ్వలేదు. మూడేళ్లూ అదే మాట, ఒక్క అక్షరం మారలేదు. "అన్నయ్యతో మాట్లాడాలి."

ఆ మూడు డైరీలూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, యేసు ప్రభువు చెప్పిన ఒక చిన్న కథ గుర్తొచ్చింది. లూకా సువార్త 13వ అధ్యాయంలో ఉంది, నాలుగే వచనాలు. ఒకాయన తన ద్రాక్షతోటలో అంజూరపు చెట్టు నాటించాడు. పండ్ల కోసం వచ్చి చూస్తే ఒక్కటీ లేదు. తోటమాలిని పిలిచి, "మూడేళ్లుగా వస్తున్నాను, ఒక్క పండూ దొరకలేదు. నరికెయ్. దీనివల్ల నేల కూడా ఎందుకు పాడవ్వాలి?" అన్నాడు. తోటమాలి బతిమాలుకున్నాడు. "అయ్యా, నేను దాని చుట్టూ తవ్వి ఎరువు వేస్తాను. అందాకా ఈ సంవత్సరం కూడా ఉండనివ్వండి."

ఈ కథ ఊరికే పుట్టలేదు. అంతకు ముందే ప్రభువు ఒక ప్రమాదం గురించి మాట్లాడాడు. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయారు. వాళ్లు యెరూషలేములో మిగతా అందరికంటే పాపాత్ములని అనుకుంటున్నారా అని అడిగి, కాదని తానే చెప్పాడు. మీరు మారుమనస్సు పొందండి అన్నాడు. ఆ వెంటనే ఈ చెట్టు కథ.

నిరుడు ఈ రోజున మనకు శుభాకాంక్షలు పంపినవాళ్లలో కొందరు ఈ రోజు లేరు. వాళ్ల నంబర్లు మన ఫోన్లలో అలాగే ఉన్నాయి, తీసెయ్యడానికి చెయ్యి రాదు. వాళ్లకంటే మంచివాళ్లం కాబట్టి మనం ఈ ఏడాది చూస్తున్నామా? కాదు. మన కోసం ఎవరో బతిమాలుకున్నారు. కొత్త సంవత్సరం గురించి నేను నమ్మేది ఇదే. ఇది మన హక్కుగా వచ్చింది కాదు, ఒకరు అడిగి ఇప్పించిన గడువు.

ఆ సంభాషణలో చెట్టు ఒక్క మాటా మాట్లాడదు. వచ్చే ఏడాది తప్పకుండా కాస్తానని మాట ఇవ్వదు. తవ్వుతాను, ఎరువు వేస్తాను అని పూచీ పడింది తోటమాలి. నా డైరీల్లో ఉన్నవన్నీ చెట్టు చేసిన తీర్మానాలు. మాలి సంగతే వాటిలో లేదు.

రోమీయులకు రాసిన పత్రిక 12వ అధ్యాయం రెండో వచనంలో పౌలు, "మీ మనస్సు మారి నూతనమగుటవలన రూపాంతరము పొందుడి" అంటాడు. గ్రీకు మూలంలో ఆ క్రియ ఉన్న తీరు గమనించాలి. మిమ్మల్ని మీరు మార్చుకోండి అని కాదు, మార్పు మీలో జరగనివ్వండి అని. పైగా ఒక్కసారితో అయిపోయేది కాదు, జరుగుతూ ఉండేది. కొండ మీద యేసు ముఖం సూర్యుడిలా ప్రకాశించినప్పుడు మత్తయి వాడిన మాట కూడా అదే.

అయితే తవ్వించుకోవడం సుఖంగా ఉండదు. ఏళ్ల తరబడి గట్టిపడిన నేలలోకి పలుగు దిగుతుంది. దానికి టైమ్ కూడా పడుతుంది.

ఎంత టైమ్ అంటే, జాన్ న్యూటన్ అనే ఆంగ్లేయుడి సంగతి చెప్పాలి. 1748 మార్చిలో ఆయన ఎక్కిన ఓడ అట్లాంటిక్ సముద్రంలో తుఫానుకు చిక్కి మునిగిపోబోయింది. ఆ రాత్రి దేవుణ్ణి కరుణించమని అడిగాడు. బతికాడు. ఆ రోజును జీవితాంతం మరిచిపోలేదు. కానీ ఆ తర్వాత కూడా బానిసలను తరలించే ఓడలకు కెప్టెన్‌గా వెళ్లాడు. 1754లో ఆరోగ్యం దెబ్బతిని ఆ పని మానేశాడు. 1764లో ఓల్నీ అనే ఊళ్లో పాదిరి అయ్యాడు. 1773 జనవరి 1న, కొత్త సంవత్సరపు ఆరాధనలో, దావీదు ప్రార్థన మీద ప్రసంగించాడు. నన్ను ఇంతవరకు తీసుకురావడానికి నేనెంతటివాణ్ణి అని దావీదు దేవుని సన్నిధిలో కూర్చుని అడిగిన ప్రార్థన అది. 'అమేజింగ్ గ్రేస్' అని లోకమంతా పాడుకునే కీర్తన ఆ ప్రసంగం కోసం రాసిందే.

అప్పటికీ బానిస వ్యాపారం గురించి ఆయన బహిరంగంగా నోరు విప్పలేదు. 1788లో విప్పాడు, తుఫాను రాత్రికి నలభై ఏళ్ల తర్వాత. ఇప్పుడు తలచుకుంటే గుండె వణికే ఆ పనిలో ఒకప్పుడు తానూ ఉన్నానని పుస్తకం అచ్చు వేయించి ఒప్పుకున్నాడు. ఈ ఒప్పుకోలు నిజమైనదే అయినా, జరిగిన కీడును సరిచేయలేనంత ఆలస్యంగా వచ్చిందని కూడా రాశాడు. బ్రిటిష్ పార్లమెంటు ఆ వ్యాపారాన్ని నిషేధించిన 1807లోనే, డిసెంబరులో, కన్నుమూశాడు.

దేవుడు ఆయన చుట్టూ నలభై ఏళ్లు తవ్వాడు. ఆ ఓర్పు తలచుకుంటే నాకు ధైర్యం వస్తుంది. కానీ ఆ ఓడల అడుగున గొలుసులతో పడి ఉన్నవాళ్లు గుర్తొస్తే ఆ ధైర్యంతోనే ఊరుకోలేను. మనం మారడం ఆలస్యమైతే ఆ బాధ మోసేది మనం ఒక్కరమే కాదు.

నా విషయంలో పలుగు జనవరిలో దిగలేదు. నిరుడు మార్చిలో, ఒక మామూలు బుధవారం, ప్రార్థన అయ్యాక సంఘంలో ఒక పెద్దాయన నా పక్కన కూర్చుని అడిగారు. "బాబూ, మీ అన్నయ్య కోసం ఎప్పుడైనా ప్రార్థన చేశావా?" చెయ్యలేదు. అన్నయ్య మారాలని చేశాను, నాదే న్యాయమని తేలాలని చేశాను. ఆయన బాగుండాలని ఏనాడూ చెయ్యలేదు. ఆ రాత్రి మోకాళ్ల మీద ఉండి ఆయన పేరు పలకబోతే గొంతు పెగల్లేదు. మర్నాడు పేరు మాత్రం పలికాను. ఆ తర్వాత రోజూ.

యెరూషలేము శిథిలాలను చూస్తూ ఏడ్చిన విలాపవాక్యాల గ్రంథంలోనే, "అనుదినము నూతనముగా ఆయనకు వాత్సల్యత పుట్టుచున్నది" అనే మాట ఉంది. అది క్యాలెండరు మారేదాకా ఆగే వాత్సల్యత కాదు. మార్చి నెల బుధవారానికి కూడా అది అందుతుంది.

ఆగస్టులో ఫోన్ చేశాను. చాలాసేపు మోగింది. పెట్టేద్దామనుకుంటుంటే ఎత్తారు.

"ఏరా, బాగున్నావా?"

అంతే. ఎప్పుడూ మధ్యలో ఏమీ జరగనట్టు ఆ "ఏరా". మోకాలి నొప్పి గురించి చెప్పారు, మందులు పడటం లేదన్నారు. పాత గొడవ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నాలుగు నిమిషాలు మాట్లాడుకున్నాం. అన్నీ సర్దుకున్నాయని చెప్పలేను. మాట్లాడుకోవాల్సింది ఇంకా ఉంది.

అంజూరపు చెట్టు మరుసటి ఏడాది కాసిందో లేదో యేసు ప్రభువు చెప్పలేదు. మాలి బతిమాలిన చోటే కథ ఆపేశాడు.

ఈసారి కొత్త డైరీ మొదటి పేజీలో తీర్మానాలేవీ రాయలేదు. అన్నయ్య నంబరు రాసుకున్నాను. ఆదివారం ఆరాధన అయ్యాక ఫోన్ చేసి, ఆ మోకాలు ఎలా ఉందో అడగాలి.

సెలవు.