మంచినీళ్లలో తిరిగే పడవకు ఏమైతుందప్పా?

నమస్తే అన్నలూ, అక్కలూ. నా వెనకాల కనిపిస్తా ఉండేది సంగమేశ్వరం గుడి. కర్నూలు నుంచి నందికొట్కూరు మీదుగా పొద్దున్నే వచ్చేసినాం. 2022లో ఈ పక్కంతా నంద్యాల జిల్లా అయింది గానీ, మా నోటికి ఇంకా కర్నూలే వస్తాది. శ్రీశైలం డ్యామ్ 885 అడుగులు నిండినప్పుడు ఈ గుడి నీళ్ల అడుగున ఉంటుంది. ఎండాకాలం నీళ్లు దిగితే గుడి బయటపడుతుంది, పడవలూ గట్టెక్కుతాయి. గుడి వీడియోలు మీరు చానా చూసింటారు. ఈరోజు పడవ పొట్ట చూద్దాం.

ముందు ఈ పుట్టి. దీని కథ చిన్నది. వెదురు అల్లిక, దాని మీద ఎరువుల సంచుల పట్టా, ఆ పైన తారు. బోర్లించినాక కింద దూరి కూచుని పైకి చూడాల. సూదిమొనంత వెలుతురు కనిపించిన చోటల్లా చిల్లే. లోపలోడు పుల్లతో తడితే బయటోడు సుద్దముక్కతో గుర్తు పెడతాడు. పాచి గీకి, బాగా ఎండనిచ్చి, తారు కాచి పూయడమే. తడి మీద పూస్తే పట్టదు, అట్టలాగా లేచొస్తుంది.

అసలు సంగతి ఈ ఫైబర్ పడవది. ఈ పడవ గలాయన నాకు మామ వరస, పేరు చెప్పొద్దన్నాడు. "ఇదేమన్నా సముద్రమా అబ్బీ? ఉప్పు ల్యాదు, తుప్పు ల్యాదు" అని నాలుగేండ్లుగా దీన్ని తిరగేయలేదు. ఈ పొక్కులు చూడండి, అమ్మవారు పోసినట్టు! ఒకటి గుచ్చుతా, కండ్లద్దాలు పెట్టుకుని. ఎందుకంటే లోపలి నీళ్లు ఎగజిమ్ముతాయి... అదో. వాసన చూస్తే వెనిగర్ మాదిరి పులుపు.

ఫైబర్ మీద నున్నగా మెరిసే పూతను జెల్‌కోట్ అంటారు. నీళ్లు నిదానంగా దాంట్లోంచి దూరి, లోపల రెజిన్‌లో, అంటే ఫైబర్‌ను పట్టి ఉంచే జిగురులో, కరిగే సరుకును కరిగిస్తాయి. అక్కడ చిక్కటి ద్రవం తయారైతుంది. ఆ చిక్కటిది బయటి పల్చటి నీళ్లను ఇంకా ఇంకా లాక్కుంటుంది, ఎండుద్రాక్ష నానబెడితే ఉబ్బినట్టు. ఇప్పుడు చెప్పండి, బయట ఉప్పునీళ్లుంటే ఈ లాగుడు ఎక్కువా, మంచినీళ్లుంటే ఎక్కువా? మంచినీళ్లుంటేనే! ఈ ఒక్క విషయంలో సముద్రం కంటే మన కృష్ణమ్మే గట్టిది. కెమెరా మామ మొగం మీదికి తిప్పు రా.

దీనికి మందు: పొక్కులన్నీ తెరిచి గీకాల, మంచినీళ్లతో మళ్లీ మళ్లీ కడగాల, వారాల తరబడి ఆరబెట్టాల. అంత ఎండ మన దగ్గర కాక ఇంకెక్కడుంటుంది? ఆరినాక ఎపాక్సీ పూయాల, రెండు రకాలు కలిపితే గట్టిపడే జిగురు అది. అది మాత్రం పొద్దుగూకినాక కలపండి. మిట్టమధ్యాహ్నం కలిపితే పూసేలోపలే డబ్బాలో గట్టిపడి పొగలొస్తాది.

చెక్క పడవ ఉండేవాళ్లు నీటిగీత దగ్గరుండే పలకను మొదట పొడిచి చూడండి. పూర్తిగా నీళ్లలో ఉండే చెక్కకు గాలి అందదు, బూజు ఎక్కదు. తడుస్తా ఆరుతా ఉండేదే కుళ్లుతుంది. ఈ గుడిలో వేపచెక్క లింగం ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్లలోనే ఉంటుంది కదా, అయినా నిలిచింది. స్వామి మహిమ అంటారు. నేను కాదనను. గాలి తగలని నెలలు కూడా ఆయన ఇచ్చినవే అనుకుంటా.

ఇంక ఇంజిన్ కాలు, అంటే ఇంజిన్‌లో నీళ్లలోకి దిగే కిందిభాగం. నా లెక్కలో పడవలో అన్నిటికంటే ఖరీదైన నిర్లక్ష్యం ఇక్కడే. నీళ్లను తోసే ఫ్యాన్ విప్పినాం, చూడండి: ఇరుసుకు చుట్టుకున్న నైలాన్ దారం. ఎవరో వదిలేసిన వలముక్క. ఈ వెంట్రుకంత దారం ఆయిల్ సీల్‌ను కోస్తుంది, ఆ సందులోంచి నీళ్లు గేర్లలోకి పోతాయి. కింది స్క్రూ, ఆ తర్వాత పై స్క్రూ తీసి ఆయిల్ కారనిస్తే బండారం బయటపడుతుంది. ఆయిల్ రంగే ఉంటే సరే. ఇది కాఫీలో పాలు పోసినట్టు తెల్లగా వస్తోంది. మామా, సీల్ పోయింది. కొత్త ఆయిల్ ఊరికే పోసి సరిపెట్టుకుంటే నెలకే మళ్లీ పాలే. సీల్ మార్చి, కింది రంధ్రం నుంచే ఆయిల్ ఎక్కించాల, పై రంధ్రంలో కారేదాకా. పైనుంచి పోస్తే లోపల గాలి చిక్కుకుంటుంది. వాషర్లు పాతవి వేయొద్దు. ఆయిల్ మామూలుగా ఏడాదికొకసారి, ఎక్కువ తిప్పేవాళ్లు 100 గంటలకొకసారి మార్చాల. ఫ్యాన్ రెక్క వంగింటే అదీ సరిచేయించండి. మునిగిన ఊళ్ల గోడలు, తుమ్మ మొద్దులు ఈ నీళ్ల కింద ఇంకా ఉండాయి.

ఇంజిన్ కాలికి బిగించిన ఈ లోహపు ముక్క తుప్పును తన మీదికి తీసుకునే బలిముక్క. సముద్రం పక్క నుంచి సెకండ్ హ్యాండ్‌లో వచ్చిన ఇంజిన్‌కు జింక్‌ది ఉంటుంది. మంచినీళ్లలో జింక్ మీద పొర కట్టి మొద్దుబారుతుంది. మనకు మెగ్నీషియంది కావాల. దాని మీద రంగు పూస్తే ఉన్నా లేనట్టే. మామ అదీ పూసినాడు, అందంగా, నీలం రంగు.

సీల్ కోసం మామ కర్నూలుకు బయల్దేరినాడు. పుట్టికి పూసిన తారు మాత్రం రేప్పొద్దునదాకా తాకొద్దన్నాడు. తాకినా. ఈ వేలు చూడండి.