జపాన్‌లో వారం రోజులు: ఖర్చును తేల్చేది దారి

శ్రోతలకు నమస్కారం.

జపాన్ చూసి రావాలనుకునే మనవాళ్లు ముందుగా అడిగేది ఒక్కటే: "మొత్తం ఎంతవుతుంది?" దీనికి అందరికీ సరిపోయే అంకె చెప్పడం కుదరదు గాని, ఆ అంకె ఎక్కడ పెరుగుతుందో, ఎక్కడ తగ్గుతుందో చెప్పవచ్చు. విమానం దిగిన తరువాత అయ్యే ఖర్చులో పెద్ద వాటా రెండింటికే పోతుంది. ఒకటి ఊరి నుంచి ఊరికి వెళ్లే రైలు, రెండోది రాత్రి తలదాచుకునే గది. గుళ్లకు, తోటలకు, వీధులకు అయ్యేది వీటి ముందు స్వల్పం. అందుచేత చేతిలో డబ్బు తక్కువగా ఉన్నవారు చూడదలచుకున్నవాటిని వదులుకోనక్కరలేదు, మారే ఊళ్లను తగ్గించుకుంటే చాలు. ఈ మాటనే ఈ రోజు లెక్కలతో సహా మీ ముందుంచుతాను. ఇక్కడ చెప్పే ధరలు యెన్లలో ఉంటాయి. వంద యెన్లకు సుమారు అరవై రూపాయల చొప్పున వేసుకుంటే లెక్కకు సరిపోతుంది.

వారం రోజుల సెలవు దొరకగానే టోక్యో, హకోనే, కనజావా, క్యోటో, ఒసాకా, హిరోషిమా అని వరసగా ఆరు పేర్లు రాసుకునేవారిని నేను చాలామందిని చూశాను. అక్కడి హోటళ్లలో గది ఖాళీ చేయవలసింది ఉదయం పది, పదకొండు గంటలకు. కొత్త ఊళ్లో గది ఇచ్చేది చాలాచోట్ల మధ్యాహ్నం మూడు గంటలకు. అంటే ఊరు మారిన ప్రతిసారీ సగం రోజు పెట్టెల వెంటే గడిచిపోతుంది. మొదటిసారి వెళ్లేవారికి నా సలహా ఇది: టోక్యోలో దిగండి, అక్కడ మూడు రాత్రులు, క్యోటోలో మూడు రాత్రులు ఉండండి, చివరి రాత్రి ఒసాకాలో గడిపి, అక్కడి కన్సాయ్ విమానాశ్రయం నుంచే తిరుగు ప్రయాణం పెట్టుకోండి. దిగే ఊరు ఒకటి, ఎక్కే ఊరు వేరొకటి అయితే విమానం టికెట్టు పెద్దగా తేడా రాకపోవచ్చు గాని, టోక్యోకు వెనక్కి వచ్చే రైలు ఖర్చు, దానికి పట్టే పూట, రెండూ మిగులుతాయి.

రైలు విషయంలో ఒక పాత నమ్మకాన్ని సరిదిద్దవలసి ఉంది. జపాన్ వెళ్లేవారెవరైనా ముందుగా జేఆర్ పాస్, అంటే ఒకసారి డబ్బు కట్టి గడువులోపల జేఆర్ రైళ్లలో ఎన్నిసార్లయినా తిరగనిచ్చే టికెట్టు, కొనుక్కోవాలని పాత పుస్తకాలూ, పాత వీడియోలూ ఇప్పటికీ చెబుతున్నాయి. ఏడు రోజుల పాస్ 29,650 యెన్లు ఉన్న కాలంలో ఆ మాట నిజమే. 2023 అక్టోబరులో దాని ధర ఒక్కసారిగా 50,000 యెన్లకు పెరిగింది. టోక్యో నుంచి క్యోటోకు షింకాన్‌సెన్ అనే బుల్లెట్ రైలులో ఒక వైపు ప్రయాణానికి సుమారు 14,000 యెన్లు అవుతుంది. రానూ పోనూ కలిపినా 28,000. టోక్యో నుంచి హిరోషిమా దాకా వెళ్లి వెనక్కి వచ్చినా కూడా సుమారు 40,000 మాత్రమే. కాబట్టి నేను చెప్పిన దారిలో వెళ్లేవారికి పాస్ అవసరమే లేదు, విడిగా ఒక్క టికెట్టు కొనుక్కుంటే సరిపోతుంది.

ఆ ఒక్క టికెట్టులోనే మీ స్తోమతను బట్టి మూడు దారులున్నాయి. నొజోమి అనే వేగవంతమైన రైలు క్యోటోకు రెండుంబావు గంటల్లో చేరుస్తుంది. కొదామా అనే రైలు ప్రతి స్టేషనులోనూ ఆగుతూ నాలుగు గంటల దాకా తీసుకుంటుంది. అందులో ముందు రోజుకల్లా కొనుక్కునేవారికి తగ్గింపు టికెట్టు దొరుకుతుంది. మూడోది రాత్రి బస్సు. ఎనిమిది గంటల ప్రయాణం, రోజును బట్టి ధర మారుతుంది, తరచుగా రైలు చార్జీలో సగానికీ, అంతకు తక్కువకూ సీటు దొరుకుతుంది, ఒక రాత్రి గది అద్దె కూడా కలిసివస్తుంది. చదువుకునే పిల్లలకు ఇది మంచి దారే. అయితే తెల్లవారుజామున ఆరు గంటలకు క్యోటో స్టేషను ముందు దిగి, మూడింటి వరకు గది లేక, నిద్ర చాలని కళ్లతో తిరగవలసి వస్తుందని మరచిపోకూడదు. అమ్మానాన్నలను వెంటబెట్టుకుని వెళ్లేవారు ఈ ఆదా కోసం ఆశపడవద్దని గట్టిగా చెబుతాను. పగటి రైలులో వెళ్లేవారు టోక్యో నుంచి క్యోటో వైపు సాధారణ బోగీలో 'ఈ' వరస సీటు అడిగి తీసుకోండి. బయలుదేరిన సుమారు నలభై నిమిషాలకు, ఆకాశం నిర్మలంగా ఉంటే, కుడివైపు కిటికీ నిండా ఫుజీ పర్వతం కనిపిస్తుంది. దానికి అదనంగా ఒక్క యెన్ కూడా పుచ్చుకోరు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటితే మాత్రం దానికి చోటున్న సీటును ముందే రిజర్వు చేసుకోవాలి.

ఇక పడకల మాట. క్యాప్సూల్ హోటల్ పుట్టింది ఒసాకాలో, 1979లో. మనిషి కూర్చోగలిగేంత ఎత్తు, పడుకోగలిగేంత పొడవు ఉన్న అర, తెర దించుకుంటే అదే గది. అటువంటి చోట, లేదా హాస్టల్‌లో, మూడు నుంచి ఐదు వేల యెన్లకు రాత్రి గడుస్తుంది. బిజినెస్ హోటల్ అనే సాదా హోటల్లో ఇద్దరికి పది, పదిహేను వేలు అవుతుంది. గది చిన్నది, రెండు పెట్టెలు ఒకేసారి నేల మీద తెరవడానికి చోటుండదు గాని, శుభ్రతకు లోటు ఉండదు. ర్యోకాన్ అనే సంప్రదాయ వసతిలో గడ్డి చాపల మీద పరుపు పరచి, రాత్రి భోజనం, ఉదయం ఫలహారం పెట్టి, మనిషికి ఇరవై వేలు, ఆపైన తీసుకుంటారు. అది గదికి కాదు, మనిషికి చెప్పే ధర అని గుర్తుంచుకోవాలి. మధ్యతరగతి దంపతులు ఆరు రాత్రులు బిజినెస్ హోటల్లో ఉండి, ఒక్క రాత్రి ర్యోకాన్‌కు కేటాయించుకోవడం సబబని నా అభిప్రాయం.

ఈ ధరలన్నీ కాలాన్ని బట్టి మారతాయి. చెర్రీలు పూసే మార్చి చివర, ఏప్రిల్ మొదట, ఏప్రిల్ 29 నుంచి మే 5 వరకు ఉండే సెలవుల్లో, ఆకులు ఎర్రబడే నవంబరులో క్యోటో గదులు అందుబాటులో ఉండవు. అప్పుడు ఒసాకాలో గది తీసుకోవడం మేలు, అక్కడి నుంచి క్యోటోకు మామూలు రైలులో అరగంట, ఆరు వందల యెన్లలోపు. చలికి భయపడనివారికి జనవరి చివర, ఫిబ్రవరి నెల చవక.

చూడవలసిన వాటి దగ్గర డబ్బున్నవారికీ లేనివారికీ తేడా చాలా తక్కువ. టోక్యోలో షింజుకు ప్రాంతంలోని నగర ప్రభుత్వ భవనం 45వ అంతస్తు నుంచి, 202 మీటర్ల ఎత్తున, నగరమంతా ఉచితంగా చూడవచ్చు. అసకుసాలోని సెన్సోజీ గుడికి, మెయిజీ మందిరానికి, క్యోటోలో వేలాది ఎర్రని తోరణ ద్వారాల కింద కొండెక్కే ఫుషిమి ఇనారి గుడికి ప్రవేశ రుసుము లేదు. ఫుషిమి ఇనారి రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది, కాబట్టి సూర్యోదయానికల్లా వెళితే జనం తాకిడి తప్పుతుంది.

భోజనం గురించి మన శాకాహారులకు కాస్త వివరంగా చెప్పాలి. అక్కడ చేప ముక్కగా కనిపించకపోయినా, ఎండబెట్టిన చేప తురుముతో కాచిన దాషి అనే రసం చాలా వంటల్లో ఉంటుంది. ఉడాన్ నూడుల్స్ పులుసులో, మిసో సూప్‌లో, ఉడికించిన కూరగాయల్లో కూడా అదే. "ఇందులో చేప ఉందా?" అని అడిగితే లేదనే జవాబు రావచ్చు, అందులో అబద్ధమేమీ లేదు. దాషి ఉందా అని అడగండి. టోక్యోలో నిషి కసాయ్ ప్రాంతంలో మన దేశం వారు ఎక్కువగా ఉంటారు గనుక అక్కడ భారతీయ సరుకుల దుకాణాలు, భోజనశాలలు దొరుకుతాయి. ఇంటి నుంచి ఆవకాయ సీసా తీసుకువెళ్లినా, మాంసం పచ్చళ్లు, పచ్చి కరివేపాకు మాత్రం పెట్టెలో పెట్టకండి. మాంసంతో చేసిన పదార్థాలను, ధ్రువపత్రం లేని పచ్చి ఆకులను విమానాశ్రయంలో అనుమతించరు.

క్యోటోలో ఒక సాయంత్రం నేను బస చేసిన వీధి చివరి సూపర్ మార్కెట్లో, ఏడు దాటాక, ఏప్రన్ కట్టుకున్న ఒక పెద్దావిడ చేతిలో చిన్న యంత్రంతో భోజనం పెట్టెల వరస దగ్గరకు వచ్చి, ఒక్కొక్క దాని మూత మీద సగం ధర అని తెలిపే చీటీ టకటకా అంటిస్తూ పోయింది. ఆవిడ వెనకే ఆఫీసు సంచులు భుజాన వేసుకున్నవారు, కాలేజీ పిల్లలు మౌనంగా ఆగి, చీటీ పడ్డ పెట్టెను అందుకుంటున్నారు. అన్నం, కూరగాయలు, గుడ్డు అట్టు ఉన్న పెట్టె నాకు మూడు వందల యెన్లకు లోపే వచ్చింది. తక్కువ డబ్బుతో తిరిగేవారికి రాత్రి భోజనానికి ఇంతకంటే మంచి ఏర్పాటు నాకు తెలియదు.

వీసా సంగతి క్లుప్తంగా. 2024 ఏప్రిల్ నుంచి మనకు పర్యటన వీసా ఎలక్ట్రానిక్ రూపంలో ఇస్తున్నారు. విమానాశ్రయంలో దాన్ని ఫోన్‌లో ఇంటర్నెట్‌కు కలిపి చూపించాలి, కాగితం మీద ముద్రించింది గాని, స్క్రీన్‌షాట్ గాని ఒప్పుకోరు.

చివరగా నారా. క్యోటో నుంచి ముప్పావు గంట, ఒక పూట చాలు. అక్కడి తోదైజీ గుడిలో సుమారు 15 మీటర్ల ఎత్తున కంచు బుద్ధుడు కూర్చుని ఉంటాడు. 752లో ఆ విగ్రహానికి కళ్లు దిద్దినవాడు మన దేశం నుంచి సముద్రం దాటి 736లో జపాన్ చేరిన బోధిసేనుడనే బౌద్ధ భిక్షువు. ఆయన పట్టిన కుంచెకు పొడవాటి పట్టు దారం కట్టారని, వచ్చినవారంతా దాన్ని చేతబట్టి ఆ పుణ్యంలో పాలు పంచుకున్నారని చెబుతారు. ఆ కుంచె, ఆ నీలి దారం ఆ గుడి వెనకనున్న షోసోయిన్ ఖజానాలో ఇన్ని శతాబ్దాలుగా భద్రంగా ఉన్నాయి. ఖజానా లోపలికి ఎవరినీ వెళ్లనివ్వరు గాని, ఏటా అక్టోబరు చివర, నవంబరు మొదట అందులోని కొన్ని వస్తువులను ఎంపిక చేసి నారా జాతీయ ప్రదర్శనశాలలో ఉంచుతారు. ఏ యేడు ఏవి పెట్టేదీ ముందే ప్రకటిస్తారు. ఆ రోజుల్లో క్యోటో గదుల ధర భరించలేనివారు ఒసాకాలోనే ఉండండి. నంబా స్టేషను నుంచి నారాకు రైలులో నలభై నిమిషాల ప్రయాణం.

సెలవు, నమస్కారం.