"ఊరికే రాశాన్నా" అనే బ్యాచ్ అంతా ఒకసారి ఇటు రండి

ఆ మోటివేషన్ క్లిప్ ఇప్పటికి మీ అందరి స్టేటస్‌లలోనూ తిరిగేసింది కదా, స్టేజీ మీద అటూ ఇటూ నడుస్తూ "హద్దులన్నీ మీ బుర్రలోనే ఉన్నాయి, తీసి పారేయండి" అని అరిచినాయన, కింద మన తిరుపతి పిల్లల ఈలలు. తిట్టేవాళ్ళు తిట్టారు, మొక్కేవాళ్ళు మొక్కారు. నేను ఒక్క మాట చెప్తా, కోపం వస్తే రానీండి. "నా వల్ల కాదులే" అనేది భయం కాదు. ముందస్తు బెయిల్! కేసు పడకముందే జేబులో పెట్టుకునే బెయిల్.

బాలాజీ కాలనీలో ఏదో ఒక టీ కొట్టు దగ్గర నిలబడి, గ్రూప్ 2 రాసొచ్చిన పిల్లోడిని ఎట్లా రాశావని అడగండి. "ఊరికే రాశాన్నా, పెద్దగా చదవలేదు." మరి అర్ధరాత్రి దాకా స్టడీ హాల్‌లో కూర్చున్నది ఎవరు నాయనా, మీ తాతా? పోతే చదవలేదు కాబట్టి పోయింది, వస్తే చదవకుండానే కొట్టాడు, రెండు పక్కలా సేఫ్. ఇంకొందరు ఆ మాట నిజం చేయడానికి పరీక్ష ముందు వారం నిజంగానే పుస్తకం మూసేస్తారు చూడండి, నాకు మండేది అక్కడ.

ఇది నా సొంత కవిత్వం కాదు. 1978లో బెర్గ్లాస్, జోన్స్ అని ఇద్దరు అమెరికా సైకాలజిస్టులు కాలేజీ పిల్లలకి జవాబే లేని ప్రశ్నలిచ్చి, "అదరగొట్టావ్" అని మెచ్చుకున్నారు. రెండో పరీక్షకి ముందు రెండు మందులు చూపించి, ఒకటి బుర్రని చురుగ్గా చేస్తుంది, ఇంకోటి మొద్దుబారుస్తుంది, ఏది కావాలన్నారు. గుడ్డిగా నెగ్గిన మగపిల్లల్లో ఎక్కువమంది మొద్దుబార్చేదే అడిగారు! ఎందుకంటే ఓడితే నెపం మందు మీదికి పోతుంది కదా. మన బెయిలే, అమెరికాలో మాత్ర రూపంలో ఇచ్చారంతే.

ఇక ఆ క్లిప్‌లో ఆయన వదిలిన నాలుగు నిమిషాల మైలు కథ: నాలుగు నిమిషాల్లోపు మైలు ఎవడూ పరిగెత్తలేడనుకున్నారట, ఒకడు పరిగెత్తగానే అందరి బుర్రల్లో హద్దు పోయిందట. ఇంగ్లండ్ రన్నర్ రోజర్ బానిస్టర్ 1954 మే 6న ఆక్స్‌ఫర్డ్‌లో 3 నిమిషాల 59.4 సెకన్లలో మైలు పరిగెత్తాడు, అది నిజం. "ఆ ఏడాదే వందలమంది పరిగెత్తేశారు" అన్నాడే, అది పచ్చి కోత. ఆ ఏడాది చివరికి బానిస్టర్ కాక ఇంకొక్కడే, ఆస్ట్రేలియా వాడు జాన్ లాండీ. అసలు విషయం ఈయన మింగేశాడు: 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో బానిస్టర్ నాలుగో స్థానంలో మిగిలి, పతకం లేకుండా ఇంటికొచ్చాడు, అది కూడా దేశమంతా చూస్తుండగా. రికార్డు రోజున బ్రాషర్, చాటవే అని ఇద్దరు స్నేహితులు అతని వేగం తగ్గకుండా ముందు పరిగెత్తారు. బుర్రలో హద్దు తీసేస్తే సరిపోయేదైతే వాళ్ళిద్దరూ ఎందుకు?

నా థియరీ ఇదీ, రాసిపెట్టుకోండి. ఓడిపోవడమంటే మనకి భయం లేదు, ఓడిన సంగతి మామకి తెలుస్తుందనే టెన్షన్. రిజల్ట్ రోజు ఫోన్ చేసి "ఎన్నొచ్చాయ్?" అనే ఆ మామ! నమ్మకపోతే అలిపిరి పోండి. సుమారు 3,550 మెట్లు. అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ ఆగితే రెండో అంతస్తు దాకా గొణిగే అత్త అక్కడ గోవిందా అంటూ ఎక్కేస్తుంది, మోకాళ్ళ పర్వతం దగ్గర కొందరు మోకాళ్ళ మీద కూడా ఎక్కుతారు. భక్తి అంటారా, ఒప్పుకుంటా. కానీ ఇంకోటి చూడండి, గాలిగోపురం దగ్గర ఆయాసంతో కూలబడితే ఎవడైనా నవ్వుతాడా? పక్కనున్న ముక్కూమొహం తెలీనాయన మజ్జిగ ఇస్తాడు, "నిదానంగా రామ్మా" అంటాడు. అక్కడ బెయిల్ ఎవరికీ అక్కర్లేదు, అందుకే ఎక్కుతున్నారు. అదే అత్త కిందికి దిగి కూతురు బొటిక్ పెడతానంటే "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అంటుంది! కాలు కడుక్కోడానికి నీళ్ళున్నాయి కదా అత్తా, నీకేం కష్టం?

కామెంట్లలో రాయండి, మీరు ఊరికే రాశానని చెప్పిన పరీక్ష ఏది, ఎవరికి జడిసి అట్లా చెప్పారు. ఆ క్లిప్ సార్ ఇది చూస్తుంటే అలిపిరి పాదాల మండపం దగ్గరికి రమ్మనండి, కెమెరా నేను తెస్తా, మైలు కథ మళ్ళీ ఒకసారి నా ముందు చెప్పమనండి.