పెట్టె మీద అంకె ఎవరు వేశారు?

అందరికీ నమస్కారం. నాణేల సంగతి, అందులోనూ వాటిని పెట్టెలో పెట్టి గ్రేడు అంకె వేసే సంగతి, నెల్లూరులో మాట్లాడుకోవడం నాకు భలే ఇష్టం. 1780లలో ఈ దగ్గర్లోనే ఒక రైతు పొలం దున్నుతుంటే నాగలికి ఇటుకలు తగిలాయి. తవ్వితే చిన్న గుడి శిథిలాలు, వాటి కింద కుండలో రోమన్ నాణేలు. రోమ్ చక్రవర్తులు ట్రాజన్, హేడ్రియన్, రాణి ఫాస్టినాల బొమ్మలున్నవి. ఆ రైతు పాత బంగారం కింద అమ్మేశాడు. చాలా వాటిని కరిగించేసి ఉంటారు. ముప్పై పైచిలుకు మాత్రం ఆర్కాటు నవాబు కొడుకు సంపాదించాడు. కొన్ని నిన్ననే టంకశాల నుంచి వచ్చినట్టున్నాయనీ, కొన్ని చిల్లులు పొడిచి, నగల్లా వేసుకుని అరిగినట్టున్నాయనీ మద్రాసు మాజీ గవర్నరు డేవిడ్సన్ రాశాడు.

గ్రేడింగ్ అంటే ఆయన చేసిన ఆ పనే, నాణెం ఎంత అరిగిందో చూసి చెప్పడం. దానికి 1 నుంచి 70 దాకా అంకెలు పెట్టింది 1949లో షెల్డన్ అనే అమెరికన్. 60, ఆ పైన అంటే చేతులు మారి అరగనిది. 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ అనే అమెరికా గ్రేడింగ్ కంపెనీలు వచ్చి, నాణేన్ని ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసి అంకె వేయడం మొదలుపెట్టాయి. వాళ్లూ పొరపాటు పడతారు. కానీ నకిలీని అసలుదన్నా, గ్రేడు ఎక్కువ వేసినా, షరతులకు లోబడి పరిహారం ఇస్తారు. మనం డబ్బు కట్టేది ఆ పూచీకి.

అలాంటి పెట్టె ఎవడైనా తయారు చేయొచ్చు. ప్లాస్టిక్, ప్రింటరు, ఒక ఇంగ్లిషు పేరు చాలు. కొన్నిచోట్ల అమ్మేవాడూ, గ్రేడు వేసేవాడూ ఒకడే! వేలంలో ఎలా నడుస్తుందో చూడండి. జార్జి రూపాయికి వాడే 67 వేసుకుంటాడు. పక్కనే పేరున్న కంపెనీ 67కి పలికే ధర పెడతాడు. నలభై వేల సరుకు నాలుగు వేలకే అంటాడు. ఆఖరి నిమిషంలో మనకు టెన్షన్ పెరిగి ఇంకో ఐదొందలు పెంచుతాం. తీరా చూస్తే అది వెయ్యి రూపాయల గ్రేడు కూడా కాదు. ఈ బాధ పడలేకే ఈబే అనే ఆన్‌లైన్ వేలం సైటు, తన జాబితాలో లేని కంపెనీల గ్రేడు అంకెలను ప్రకటనలో రాయొద్దంది.

మన ఇళ్లలో ఇంకో తంటా ఉంది. వరలక్ష్మీ వ్రతం వస్తే వెండి రూపాయల్ని చింతపండు పెట్టి తోమేస్తాం. పూజకు తప్పు లేదు, కానీ నాణెం మీది అసలు మెరుపు పోతుంది, ఇక రాదు. మంచి కంపెనీ అయితే అంకె వేయకుండా, తోమారని లేబుల్ మీదే రాస్తుంది. ఊరూపేరూ లేనివాడు తళతళ చూసి 65 వేస్తాడు. ఫోటోలో చాలా బాగుంటుంది కూడా.

పెట్టెలో పెడితే తూకం కుదరదు. 1939 దాకా రూపాయి 11.66 గ్రాములు, అందులో వెండి సుమారు 10.7 గ్రాములు. 1940 నుంచి 1945 దాకా బరువు అదే, అందులో సగమే వెండి. విడి నాణేన్ని చిన్న కాటాలో వేస్తే తొలి పరీక్ష అయిపోతుంది. కొన్ని పెట్టెల్లో అంచు కూడా కనపడదు. నకిలీ చేసేవాడికి అంతకంటే ఏం కావాలి? పేరున్న కంపెనీల పెట్టెలకూ నకళ్లున్నాయి. పెట్టె మీది నంబరు కంపెనీ సైటులో కొడితే సరిపోదు, నకలు చేసేవాళ్లు అసలు పెట్టె మీది నంబరే అచ్చు వేస్తారు. సైటులో ఫోటో ఉంటే మచ్చ మచ్చా పోల్చండి.

అమెరికాకే పంపిస్తామంటారా? వందేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు, మనం దేశం దాటించకూడదు. ఇక వైష్ణోదేవి బొమ్మున్న ఐదు రూపాయల నాణేనికి లక్షలిస్తామంటూ ముందు ఫీజు అడిగే ఇలాంటివాళ్ల గురించి రిజర్వు బ్యాంకే 2021లో హెచ్చరించింది. నేను వేరే చెప్పక్కర్లేదు.

నా పద్ధతి ఒకటే. ఫోటోలో పెట్టెను చేత్తో మూసి, నాణేన్ని మాత్రం చూస్తాను. ఆచారి వీధిలో ఆ పూట వెండి ధర కనుక్కుంటాను. విడిగా దొరికితే ఎంతిస్తానో అంతే పాడతాను. చాలాసార్లు వేరేవాళ్లకు పోతుంది, పోనీ.

ముందు వరసలో అన్నగారు 1939 రూపాయి పెట్టె తెచ్చానన్నారు. అది బాగా అరుదు, అందుకే వేరే ఏడాది రూపాయి మీద ఆఖరి అంకె మార్చి అమ్ముతుంటారు. ఇలా బల్ల దగ్గరికి తీసుకురండి అన్నా, ఆ 9ని లెన్సు పెట్టి చూద్దాం.