మఠంలో యాభై రోజులు

అందరికీ నమస్కారం.

"ఈస్టర్ ఎప్పుడో అయిపోయింది కదండీ, ఇప్పుడు దాని గురించి ఏం మాట్లాడతారు?" అని కిందటి వారం ఈ సభ పెట్టినవారిలో ఒకరు ఫోన్‌లో అడిగారు. ఆ ప్రశ్న దగ్గరే మొదలుపెడతాను. ఈ ఏప్రిల్ 5న ఈస్టర్ ఆదివారం. ఇవాళ 25. మా మఠంలో సిస్టర్ల లెక్కన పండుగ ఇంకా సగం కూడా కాలేదు, ఇవాళ్టికి ఇరవై ఒకటో రోజు. మే 24న, పవిత్రాత్మ దిగివచ్చిన పెంతెకోస్తు పండుగతో యాభై నిండుతాయి.

"మా మఠం" అన్నానని నేనేదో సన్యాసం పుచ్చుకున్నానని అనుకోకండి. ఇక్కడే విజయవాడలో ఒక కాన్వెంటు బడిలో ఇరవై ఎనిమిదేళ్లు తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఇల్లు మఠం వెనక సందులో. పొద్దున వాళ్ల గంట మోగితేనే నాకు తెల్లవారినట్టు. పుట్టింది ఫిరంగిపురం దగ్గర పల్లెలో, కేథలిక్ ఇంట్లోనే. అయినా ఈ యాభై రోజుల సంగతి నాకు బడిలో చేరాకే తెలిసింది. మా పల్లెలో అందరికీ తెలిసింది తపస్సు కాలం. నలభై రోజులు ఉపవాసాలు, సిలువ మార్గం, గుడ్ ఫ్రైడే నాడు ఏడుపులు. ఈస్టర్‌కి కొత్త బట్టలు, కోడికూర. సోమవారం తెల్లారేసరికి మళ్లీ మిరప చేలోకి.

"నలభై రోజులు ఏడవడానికి ఓపిక ఉంటుంది, యాభై రోజులు సంతోషించడానికే ఉండదేం టీచర్ గారూ?" అని ఒకసారి మదర్ గారు అడిగితే నవ్వేశాను. పోయినేడాది ఆ మాట మళ్లీ గుర్తొచ్చింది. అందుకని ఇవాళ పోయినేడాది సంగతే చెబుతాను.

అంతకుముందు ఒక చిన్న మాట. మనం అందరినీ సిస్టర్లనే అంటాం. కార్మెల్ మఠాలవారిలా గోడ దాటకుండా ప్రార్థనలోనే ఉండిపోయేవారు వేరు. 1904లో హాలెండ్ నుంచి గుంటూరు వచ్చిన జె.ఎం.జె. (జీసస్ మేరీ జోసెఫ్) సిస్టర్ల లాగా బడులూ ఆస్పత్రులూ నడిపేవారు వేరు. నేను చెప్పే మఠం ఈ రెండో రకం. పరీక్ష పేపర్లు, అడ్మిషన్లు, ఫీజు రసీదుల మధ్య పండుగ మరిచిపోవడం వీళ్లకే సులువు.

శనివారం రాత్రి పాస్కా జాగరణ, అంటే ఈస్టర్ ముందు రాత్రి జరిగే పూజ. నడవలేని పెద్ద సిస్టర్లు ఉన్నారని ఫాదర్ గారు మఠానికే వచ్చారు. దీపాలన్నీ ఆర్పేసి, వాకిట్లో కొబ్బరి డొక్కలతో నెగడు వేశారు. రెండున్నర అడుగుల పాస్కా కొవ్వొత్తిని మా చిన్న సిస్టర్ ముందే ముస్తాబు చేసి పెట్టింది. మధ్యలో సిలువ, పైన ఆల్ఫా, కింద ఓమేగా, నాలుగు మూలల్లో 2, 0, 2, 5. ఎర్ర మైనాన్ని కూరగాయల చాకుతో కోసి అతికించింది. ఒక 2 అంకె వంకరగా ఉందని పక్కన కూర్చుని నేనే పేచీ పెట్టాను, పంతులమ్మ బుద్ధి. ఫాదర్ గారు వాటి మీదుగా గీత గీసి, ఐదు గాయాలకు గుర్తుగా ఐదు సాంబ్రాణి గింజలు గుచ్చి, నెగడు నుంచి వెలిగించారు. చీకట్లో ఆ ఒక్క దీపం లోపలికి వెళుతుంటే మా చేతుల్లో కొవ్వొత్తులు ఒకటొకటిగా అంటుకున్నాయి.

మా అమ్మమ్మ ఎప్పుడూ "శనివారం పొద్దున పూజ" అనేది. వయసు మీదపడి పొరబడుతోందనుకునేదాన్ని. నిజానికి పొరపాటు నాదే. 1951లో పన్నెండో పయస్ పాపుగారు రాత్రికి మార్చడం మొదలుపెట్టేదాకా ఈ జాగరణ శనివారం పొద్దునే జరిగేది. పట్టపగలు దీపం పట్టుకుని "ఈ రాత్రి, ఈ రాత్రి" అని పాడేవారన్నమాట! ఆ పాట లాటిన్ మూలంలో కొవ్వొత్తికి మైనం ఇచ్చిన తేనెటీగల్ని కూడా తలుచుకుంటారు. నాకు ఆ చోటు మహా ఇష్టం.

తర్వాత అల్లెలూయ. తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారం నుంచి నోట రాని మాట. హార్మోనియం మీద శ్రుతి అందగానే పెద్ద సిస్టర్లు కూడా గొంతెత్తారు.

అక్కడి నుంచి ఎనిమిది రోజులు వాళ్లకు ఒకటే రోజు. కేలెండర్‌లో సోమ, మంగళ అని ఉన్నా పూజలో అన్నీ ఈస్టర్ రోజులే. ఆ వారంలో శుక్రవారం కూడా మాంసం మానక్కర్లేదు. ఎనభై నాలుగేళ్ల సిస్టర్ గారొకరు శుక్రవారం కంచంలో కోడికూర చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నారట. "ఇవాళ ఆదివారమే సిస్టర్, తినండి" అన్నారట మదర్ గారు. తిన్నారు గానీ, ఒక్క ముక్కే.

సోమవారం ఎమ్మావు నడక. ఇద్దరు శిష్యులు దిగులుగా ఎమ్మావు అనే ఊరికి, అరవై స్టాడియాలు, అంటే సుమారు పదకొండు కిలోమీటర్లు నడుస్తుంటే ప్రభువు దారిలో కలిశారని లూకా సువార్తలో ఉంది. దానికి గుర్తుగా మా సిస్టర్లు ఎండెక్కకముందే గుణదల కొండకు నడుస్తారు. అక్కడ 1924 నుంచి మరియమాత క్షేత్రం ఉంది, ఫిబ్రవరి తిరునాళ్లకు మీరంతా చూసే ఉంటారు. ఆ పొద్దున మెట్ల మీద కూర్చుని పులిహోర తిని, తొమ్మిదికల్లా తిరిగొచ్చేశాం.

మధ్యాహ్నం ఒంటిగంట దాటాక ఫోన్లు మోగడం మొదలైంది. ఫ్రాన్సిస్ పాపుగారు పోయారు. ముందురోజే ఆయన బాల్కనీలోకి వచ్చి దీవించడం, బండిలో జనం మధ్య తిరగడం టీవీలో చూసి, కాస్త కోలుకున్నారులే అనుకున్నారు వీళ్లంతా. ఆ మధ్యాహ్నం వరండాలో ఎక్కడివాళ్లు అక్కడే కూలబడ్డారు. సాయంత్రం ప్రార్థనకు ముందు చిన్న సిస్టర్ మెల్లగా అడిగింది, "మదర్, ఇవాళ అల్లెలూయ ఆపేద్దామా?" మదర్ గారు వెంటనే జవాబివ్వలేదు. కళ్లద్దాలు తుడుచుకుని, "ఆయన పండుగలో పోయారు. పండుగ పాటే పాడదాం" అన్నారు.

పాడారు. చాలా ఘోరంగా పాడారు. శ్రుతి ఒకచోట, గొంతు ఒకచోట. వెనక బెంచీలో కూర్చుని వింటుంటే నాకు పాత మాట గుర్తొచ్చింది. సంతోషించడానికి ఓపిక కావాలంటే ఏమిటో ఆ సాయంత్రం చూశాను. ఎవరికీ పాడాలని లేదు. పండుగ మిగిలే ఉంది కాబట్టి పాడారు. ఏప్రిల్ 26 శనివారం అంత్యక్రియలు. అదీ ఆ ఎనిమిది రోజుల్లోనే వచ్చింది.

మే 8 రాత్రి మళ్లీ టీవీ. రాత్రి జపం తర్వాత మాట్లాడకూడదన్న నియమాన్ని మదర్ గారు ఆ ఒక్కరాత్రికి సడలించారు. పదకొండు కావస్తుండగా కొత్తగా ఎన్నికైన లియో పాపుగారు బయటికొచ్చి, మొట్టమొదట అన్నది మీ అందరికీ శాంతి కలుగుగాక అని. లేచిన ప్రభువు తలుపులు మూసుకుని కూర్చున్న శిష్యులతో అన్న మాట అది. "మొన్న ఈస్టర్ తర్వాతి ఆదివారం పాఠమే కదూ" అన్నారు ఎనభై నాలుగేళ్ల సిస్టర్ గారు, నిద్రలోంచి లేచినట్టు.

ఆవిడకు మోకాళ్ల నొప్పులు. ఈ కాలంలో రోజూ చెప్పే త్రికాల జపానికి బదులు మరియమాతను తలిచే పరలోక రాణి జపం నిలబడి చెప్పాలి. పాస్కా రోజుల్లో మోకరించకుండా నిలబడే ప్రార్థించాలని 325లో క్రైస్తవ పెద్దల నికయా మహాసభ ఇరవయ్యో నియమంలో పెట్టింది. పోయినేడాదికి ఆ సభ జరిగి సరిగ్గా 1700 ఏళ్లు. ఇప్పుడంత కట్టుదిట్టంగా లేదనుకోండి. అయినా ఆవిడ మాత్రం "నా మోకాళ్ల కోసమే పెట్టారమ్మా" అని మురిసిపోయేవారు.

మన వైపు పాస్కా కాలం అంటే ఆవకాయ కాలం కూడా. బడికి సెలవులు, మఠం వెనక పంపు దగ్గర నీడలో కత్తిపీటలు, బుట్టెడు కాయలు. ముక్కకు టెంక ఉండాలని ఒకరు, గుంటూరు కారం ఘాటు చాలదని ఒకరు. జాడీకి గుడ్డ కట్టాక పెద్ద సిస్టర్ గారు ఏటా అదే జోకు వేస్తారు: "మూడో రోజుదాకా ఎవరూ తెరవకండి." ప్రభువు సమాధిలోంచి లేచిందీ, ఆవకాయ తిరగకలిపేదీ మూడో నాడే కదా మరి!

ఆ ఎండల్లోనే కొవ్వొత్తి వంగింది. పడమటి కిటికీలోంచి ఎండ పడి, పిందెల బరువుకు వాలిన కొమ్మలా పక్కకు ఒరిగింది. చిన్న సిస్టర్ టెన్షన్‌తో మా ఇంటికి పరిగెత్తుకొచ్చింది. నేనేం చేస్తాను? ఇద్దరం కలిసి దాన్ని నున్నటి బండ మీద పడుకోబెట్టి, అరచేతులతో మెల్లగా దొర్లించి తిన్నగా చేశాం. తడి తువ్వాలు చుట్టి గంటసేపు ఉంచాం. ఒక సాంబ్రాణి గింజ ఊడిపోయింది, ఎంత వెతికినా దొరకలేదు. అసలే వంకరగా ఉన్న 2 అంకె ఇంకాస్త వంకరైంది. అడుగున రెండు వెదురు పుల్లలు కట్టి, కిటికీకి దుప్పటి వేలాడదీసి, సాయంత్రానికి మళ్లీ వెలిగించాం.

జూన్ మొదటివారంలో చిన్న సిస్టర్‌కి ట్రాన్స్‌ఫర్ వచ్చింది, ఖమ్మం వైపు. పండుగ ఇంకా నాలుగు రోజులుండగా ఒక పెట్టె, ఒక సంచి పట్టుకుని బస్సెక్కింది. 8వ తేదీ పెంతెకోస్తు. ఆ సాయంత్రం ప్రార్థన అయ్యాక పాస్కా కొవ్వొత్తిని జ్ఞానస్నానపు తొట్టి దగ్గరికి చేర్చాలి. మఠం గుడిలో తొట్టి ఉండదు గనుక బీరువాలో పెట్టారు. రాత్రి తొమ్మిదికి ఫోన్ వచ్చింది.

"టీచర్ గారూ, చివరిదాకా నిలబడిందా?"

"కట్టు కట్టుకుని నిలబడింది సిస్టర్. జానెడు కరిగింది."

కాసేపు ఏం మాట్లాడలేదు. ఏడుస్తోందేమో అనుకున్నాను.

"మరి... ఇక్కడి ఆవకాయలో ఉప్పెక్కువ టీచర్ గారూ. ఇటు వచ్చేవాళ్లెవరైనా ఉంటే మన జాడీలోది కొంచెం పంపుతారా?"