పై విలువ 22/7 కాదు, 3.14 కూడా కాదు! గాజుల షాపుకు పోయి చూడండి

44 రైటా, 43.96 రైటా? వారం నుంచి మన అనంతపురం జిల్లాలో ఏ వాట్సాప్ గ్రూపు తెరిచినా ఇదే గొడవ. ఆ ఆన్సర్ షీట్ ఫోటో మీరందరూ చూసే ఉంటారు. చూడనివాళ్లకు ఒక్క ముక్కలో చెప్తా. 7 సెంటీమీటర్ల వ్యాసార్థం ఉన్న వృత్తం చుట్టుకొలత ఎంత అని అడిగారు. పై అంటే చుట్టుకొలతను వ్యాసంతో భాగిస్తే వచ్చే అంకె కదా, పాప దాని విలువ 3.14 వేసుకుని 43.96 అని రాసింది. సారు ఎర్ర ఇంకుతో కొట్టేసి పక్కన 44 వేశారు. మార్కు పోయింది. ఇంక చూడండి, సగం మంది సారు వైపు, సగం మంది పాప వైపు.

నేను చెప్తున్నా, రెండూ తప్పే! అసలు జవాబు 43.98 చిల్లర. 44 కొంచెం ఎక్కువ, 43.96 కొంచెం తక్కువ. ఇంకో మాట చెప్తే 3.14 బ్యాచ్‌కు కోపం వస్తుంది, అయినా చెప్తా. 22/7 అనేది అసలు పై విలువకు 3.14 కంటే దగ్గర. నమ్మకపోతే లెక్క చూసుకోండి. పై అంటే 3.14159. 22ను 7తో భాగిస్తే 3.14285. తేడా 0.00126. అదే 3.14 తీసుకుంటే తేడా 0.00159. ఏది దగ్గరుందప్పా? భిన్నం రాస్తే పాతకాలం, దశాంశం రాస్తే కరెక్ట్ అని వాదిస్తున్నవాళ్లు కాసేపు ఆగండి.

కానీ నా కోపం ఆ మార్కు మీద కాదు. ఇన్ని వందల మెసేజుల్లో ఒక్కరంటే ఒక్కరు అడగలేదు, ఆ పాప ఎప్పుడైనా ఒక గుండ్రటి వస్తువు చుట్టూ దారం చుట్టి కొలిచిందా అని! పుస్తకంలో వ్యాసార్థాలు చూడండి. 7, 14, 21, 3.5, 10.5. ఎందుకో తెలుసా? కింద ఉన్న 7తో కొట్టేసుకోవడానికి. లోకంలో ఉన్న వృత్తాలన్నీ ఏడో ఎక్కంలోనే పుట్టాయా? కొలతే లేని చోట కొట్టివేత నేర్పించి, దానికి జ్యామితి అని పేరు పెట్టారు.

ఈరోజు నేను చెప్పేది ఒక్కటే. పై అంటే భాగహారం కాదు, పై అంటే వాలు! గ్రాఫ్ మీద గీత ఎంత నిటారుగా లేస్తుందో, ఆ వాలు. భాగహారం మిమ్మల్ని మోసం చేస్తుంది, వాలు మోసం చేయదు. మాటలు వద్దు, గాజులతో చూపిస్తా.

ఇవి పాతూరులో కొన్న మట్టి గాజులు. టూ ఫోర్, టూ సిక్స్, టూ ఎయిట్, టూ టెన్. ఆడవాళ్లకు ఈ సైజులు నోటికే వస్తాయి. మగవాళ్లు చాలామంది ఇక్కడే బోల్తా పడతారు, టూ టెన్ అంటే 2.10 కదా, టూ ఎయిట్ కంటే చిన్నదేమో అని. అది దశాంశం కాదు సామీ! ఇంచిని పదహారు భాగాలు చేస్తే అందులో నాలుగు భాగాలు, ఆరు భాగాలు, ఎనిమిది భాగాలు. టూ ఫోర్ అంటే లోపలి వ్యాసం రెండుంపావు ఇంచి. టూ ఎయిట్ అంటే రెండున్నర ఇంచి. మిల్లీమీటర్లలో చెప్తే వరసగా 57.2, 60.3, 63.5, 66.7. షాపులో అక్క కర్ర మీదికి గాజు తోసి సైజు చెప్పేస్తుంది చూడండి, ఆ అక్క మనందరికంటే ఎక్కువ వృత్తాల్ని కొలిచిన మనిషి.

ఇప్పుడు గాజు బయటి అంచు చుట్టూ దారం గట్టిగా చుట్టి, కలిసిన చోట పెన్నుతో గీత పెట్టి, దారం విప్పి స్కేలు మీద చాపాను. వచ్చినవి ఇవి: 192, 202, 212, 222 మిల్లీమీటర్లు. ఒకసారి వరస చూడండి. సైజు పెరిగినప్పుడల్లా చుట్టుకొలత ఒక సెంటీమీటరు పెరుగుతోంది. ఇది గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తా.

స్కూల్లో నేర్పినట్టు భాగిద్దాం. 192ను 57.2తో భాగిస్తే 3.36. తర్వాతది 3.35. ఆ తర్వాత 3.34. చివరిది 3.33. ఏమైంది? 3.14 ఏది? ఒక్కో గాజుకు ఒక్కో పై వస్తోంది! స్కూల్లో ఇదే ప్రయోగం చేసిన పిల్లోడు ఇక్కడికొచ్చి ఏం చేస్తాడు? టెన్షన్ పడి కొలతలన్నీ రబ్బరుతో చెరిపేసి, 3.14 వచ్చేట్టు వెనక నుంచి లెక్క రాసుకుంటాడు. రికార్డు పుస్తకాల్లో జరిగేది ఇదే. మన పిల్లలు సైన్సులో నేర్చుకునే మొదటి దొంగ లెక్క ఇదే!

ఇప్పుడు ఫోన్ తీయండి. డెస్మోస్ అని గ్రాఫింగ్ క్యాలిక్యులేటర్ ఉంది, ఫ్రీ. జియోజీబ్రా కూడా ఫ్రీ. గ్రాఫ్ గీసే క్యాలిక్యులేటర్ మొదట అమ్మింది క్యాసియో వాళ్లు, 1985లో. చేతిలో పట్టుకునే ఆ మిషన్ ఇప్పటికీ మన దగ్గర మామూలు ఇంట్లో కొనేది కాదు. ఆ పని మొత్తం ఇప్పుడు ఫోన్ చేస్తుంది. ప్లస్ గుర్తు నొక్కి టేబుల్ పెట్టండి. ఎక్స్ వన్ కింద వ్యాసాలు, వై వన్ కింద దారం పొడవులు. నాలుగు చుక్కలు పడ్డాయా? కింద గడిలో వై వన్, తర్వాత ఈక్వల్ టు బదులు అలల్లాగా ఉండే టిల్డా గుర్తు, తర్వాత ఎమ్ ఎక్స్ వన్ ప్లస్ బి. ఆ టిల్డా పెడితేనే చుక్కలకు బాగా కుదిరే గీతను అదే వెతుకుతుంది.

వచ్చింది చూడండి. ఎమ్ అంటే వాలు, 3.15! బి అంటే విడిగా కలిసే అంకె, 11.7 దగ్గర. భాగిస్తే ఒక్కసారి కూడా దగ్గరికి రాని పై, గీత గీసేసరికి దొరికిపోయింది. అవే గాజులు, అదే దారం, అవే కొలతలు!

ఎందుకు దొరికింది? వ్యాసం లోపలిది తీసుకున్నాం, దారం బయట చుట్టాం. మధ్యలో గాజు మందం ఉంది. ఆ మందం ప్రతి కొలతలోనూ ఒకేలాగా కలుస్తుంది. భాగహారానికి ఆ తేడా తెలీదు, మందాన్ని కూడా పైలో కలిపేస్తుంది. గీత అలా కాదు. మందాన్ని తీసుకెళ్లి బి అనే చోట విడిగా పెట్టి, వాలును శుభ్రంగా మన చేతిలో పెడుతుంది. ఆ 11.7ను 3.15తో భాగించండి, 3.7 వస్తుంది. అది రెండు వైపులా కలిపిన మందం, అందులో సగం 1.85. అంటే గాజు మందం రెండు మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. స్కేలు ఆనించి చూడండి, అంతే ఉంటుంది. మనం అడగను కూడా లేదు, గ్రాఫే గాజు మందం చెప్పింది! నాకైతే ఇక్కడ ఒళ్లు జలదరించింది.

ఇందాక సెంటీమీటరు మాట గుర్తు పెట్టుకోమన్నా కదా. ఒక సైజుకూ ఇంకో సైజుకూ వ్యాసంలో తేడా ఇంచిలో ఎనిమిదో వంతు, అంటే 3.175 మిల్లీమీటర్లు. దాన్ని పైతో గుణిస్తే 9.97. గాజు పెద్దదైనా చిన్నదైనా అంతే పెరుగుతుంది. వాలు అంటే ఇదే. ఎక్కడ మొదలైనా సరే, వ్యాసం ఒక మెట్టు పెరిగితే చుట్టుకొలత మూడు మెట్లూ ఇంకొంచెం పెరుగుతుంది.

దీన్ని భూమికి కట్టి చూద్దాం, ఎందుకంటే ఇది విన్నప్పుడు నమ్మేవాళ్లు తక్కువ. భూమి నడుము చుట్టూ బిగుతుగా తాడు కట్టాం అనుకోండి, సుమారు 40,000 కిలోమీటర్లు. ఆ తాడును భూమి చుట్టూ అన్ని చోట్లా మీటరు ఎత్తుకు లేపాలంటే ఎంత తాడు అతికించాలి? లారీలకు లారీలు అంటారు. 6.28 మీటర్లు చాలు! రెండు వైపులా మీటరు చొప్పున వ్యాసం రెండు మీటర్లు పెరుగుతుంది, ఆ రెండును పైతో గుణిస్తే అంతే. టూ ఫోర్ గాజు చుట్టూ కట్టిన దారాన్ని అన్ని వైపులా మీటరు దూరం జరపాలన్నా అదే 6.28 మీటర్లు. భూమికీ గాజుకూ తేడా లేదు, ఎందుకంటే వాలు ఒకటే.

ఇక ఆ పాత మాట. క్యాలిక్యులేటర్ ఇస్తే పిల్లల బుర్ర మొద్దుబారుతుంది అంటున్నారు. అప్పా, పై విలువ ఇచ్చే బటన్ మనం నొక్కామా? ఒక్కసారి కూడా నొక్కలేదు. కొలిచింది దారం, చదివింది కళ్లు, చుక్కలు పెట్టింది వేళ్లు. ఫోన్ చేసింది గీత గీయడం. పదో తరగతి పరీక్షలో క్యాలిక్యులేటర్ వద్దన్నారు, జేఈఈ మెయిన్‌లో వద్దన్నారు. సరే, పరీక్షకు వద్దు. పరీక్షకు వద్దన్నదాన్ని నేర్చుకోవడానికి కూడా వద్దని ఎవరు చెప్పారు? అదే మన పిల్లలు అమెరికా చదువుకని శాట్ రాస్తే, ఆ పరీక్ష స్క్రీన్ మీదే డెస్మోస్ ఉంటుంది. అక్కడ వాడే పిల్లల పక్కన మన పిల్లోడు మొదటిసారి దాన్ని చూస్తూ కూర్చోవాలా?

నా థియరీ ఏమిటంటే, మన పిల్లలకు లెక్కలంటే భయం ఇక్కడే పుడుతోంది. పదో తరగతి పిల్లోడికి వై ఈక్వల్ టు ఎమ్ ఎక్స్ ప్లస్ సి వచ్చు. చుట్టుకొలత పై ఇంటూ డి అనీ వచ్చు. ఎమ్ బదులు పై, ఎక్స్ బదులు డి పెట్టి, సి సున్నా చేస్తే ఈ రెండూ ఒకటే అని మాత్రం ఎవరూ చెప్పరు. సరళరేఖ ఒక పాఠం, వృత్తం ఇంకో పాఠం. ఇంటర్‌కు వచ్చేసరికి రెండూ కలిపి మీద పడేస్తారు, పిల్లోడు బైపీసీకి పారిపోతాడు. ఒక మధ్యాహ్నం గాజులతో కూర్చోబెడితే సగం మంది పారిపోరు. నా నమ్మకం ఇది, ఎవరితోనైనా వాదిస్తా.

మన ఆర్యభట్టను చూడండి. ఆర్యభటీయం, 499వ సంవత్సరం. ఆయన 22/7 లాంటి భిన్నం ఇవ్వలేదు. వ్యాసం 20,000 అయితే చుట్టుకొలత 62,832 అన్నాడు. ఇంత వ్యాసానికి ఇంత చుట్టు! నా కళ్లకు అది గ్రాఫ్ మీద చుక్క. పైగా ఇది దగ్గరి విలువే అని ఆయనే చెప్పాడు. ఏ భిన్నమూ పై విలువకు సరిగ్గా సరిపోదని లాంబర్ట్ అనే గణిత శాస్త్రవేత్త నిరూపించింది 1761లో. ఇంత చరిత్ర ఉంటే, 44 రాయలేదని మార్కు కోస్తారా?

టైలర్ అన్న దగ్గరికి పోండి. అంబ్రెల్లా స్కర్టు కట్ చేయాలంటే నడుము చుట్టుకొలత 28 ఇంచులైతే మధ్యలో గుండ్రం ఎంత వ్యాసార్థంతో కొయ్యాలి? 28ను పై రెట్టింపుతో, అంటే 6.28తో భాగిస్తే 4.46, అంటే దాదాపు నాలుగున్నర. ఇక్కడ తప్పితే మార్కు పోదు, గుడ్డ పోతుంది.

ఇంట్లో చేసేవాళ్లకు ఒక జాగ్రత్త. నాలుగు గాజుల వ్యాసాలూ సెంటీమీటరు తేడాలోనే ఉన్నాయి కాబట్టి, చివరి గాజు దారంలో ఒక్క మిల్లీమీటరు అటూ ఇటూ అయితే వాలు దాదాపు 0.1 కదిలిపోతుంది. అందుకే ఇంకో టేబుల్ పెట్టుకుని చిన్నవీ పెద్దవీ కలపండి. టీ గ్లాసు, స్టీలు పళ్లెం, బిందె మూత, బైకు టైరు. టైరుకు దారం వద్దు, సుద్దతో గుర్తు పెట్టి గచ్చు మీద ఒక్క చుట్టు దొర్లించండి. ఈసారి వ్యాసం కూడా బయటి అంచు నుంచి అంచుకు తీసుకోండి, బి సున్నా దగ్గరికి వస్తుంది.

వైశాల్యం సంగతి వచ్చే వీడియోలో. అక్కడ వ్యాసార్థంతో గ్రాఫ్ వేస్తే గీత రాదు, వంపు వస్తుంది. రెండించుల పైపులు రెండు వేస్తే నాలుగించుల పైపంత పారుతుందని మన బోర్ల దగ్గర ఎంతమంది మోసపోయారో! అడ్డకోత వైశాల్యం చూస్తే నాలుగు పైపులు కావాలి. గ్రాఫ్ అడుగు గీత మీద వ్యాసార్థం బదులు దాని వర్గం పెట్టండి, వంపు కాస్తా మళ్లీ సరళరేఖ అవుతుంది. ఆ రేఖ వాలు ఎంతో తెలుసా? మళ్లీ పైయే!

అప్పటిలోపు టూ ఎయిట్ గాజును గ్రాఫ్ పేపర్ మీద పెట్టి లోపలి సెంటీమీటరు గళ్లు లెక్కపెట్టండి, ముక్కలు కూడా కలుపుకుని. 31, 32 మధ్యలో రావాలి. మీ ఊరి పేరు, మీకొచ్చిన వాలు కామెంట్‌లో పెట్టండి. ధర్మవరం నుంచి 3.05 వచ్చినా, గుత్తి నుంచి 3.22 వచ్చినా అలాగే పెట్టండి, అన్నీ కలిపి ఒకే గ్రాఫ్ మీద వేస్తా. 3.14 వచ్చేట్టు దిద్ది మాత్రం పంపొద్దు.